చదివింపుల్లో రాయని కానుక

పెళ్లి పందిట్లో భోజనాల దారిలో ఓ టేబులు. దాని వెనక నోటు పుస్తకం పట్టుకున్న ఓ పెద్దాయన. 'ఫలానా వారు అయిదు వందల పదహార్లు... ఫలానా వారు వెండి కుంకుమభరిణె...' చదివింపుల పద్దు అలా నడుస్తూనే ఉంటుంది. మైకులో చదవడం చాలా ఊళ్లలో పోయింది గానీ రాయడం మాత్రం పోలేదు. రేపు వాళ్లింట్లో శుభకార్యం వస్తే అంతకు తగ్గకుండా పెట్టాలి కదా మరి!

ఆ పుస్తకంలో ఎక్కడ రాయాలో తెలియని కానుకలు కొన్నుంటాయి. పెళ్లికూతురి ప్రాణస్నేహితురాలు నెల్లాళ్లు రాత్రిపూట కూర్చుని కుట్టిన అడ్డుతెర ఉందనుకోండి. ఏమని రాస్తారు? 'మీటరున్నర గుడ్డ' అనా? తిరిగి పెట్టాలంటే మాత్రం ఎంత పెడతారు?

బెస్ట్ ఫ్రెండ్‌కి పెళ్లి కుదిరిందని తెలియగానే మనందరికీ పట్టుకునే బెంగ ఒకటే... 'ఏమివ్వాలి?'. గోడ గడియారం ఇద్దామంటే ఇంకో నలుగురు అదే తెస్తారు. డిన్నర్ సెట్టు అటక మీదికి పోతుంది. చీర పెడదామంటే ఆ నెలలో ఆమెకు వచ్చే చీరలకు లెక్కుండదు. డబ్బులు కవర్లో పెట్టి ఇవ్వడం సులువే గానీ, పదేళ్లు పక్క పక్క బెంచీల్లో కూర్చున్న మనిషికి కవరిచ్చి ఫొటో దిగి వచ్చేయడానికి మనసొప్పదు. అప్పుడు గుర్తొస్తుంది... చేత్తో ఏమైనా చేసిద్దామా అని.

తప్పకుండా చేసివ్వండి. అయితే మొదలుపెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. 'నేను చేసే వస్తువుకి ఆ పెళ్లిలో ఏదైనా పనుందా?' అని. మెరుపు కాగితాలు అంటించిన కార్డు, పేర్లు చెక్కిన చెక్కముక్క ఆ పూటకి ముచ్చటగానే ఉంటాయి. ఏడాది తిరిగేసరికి దుమ్ము పట్టి, పారేయలేక, ఉంచుకోలేక ఇబ్బంది పెడతాయి. అదే ముహూర్తం వేళ చేతుల్లో మెదిలిన వస్తువైతే బీరువాలో పట్టుచీర పక్కన చోటు సంపాదించుకుంటుంది. మన తెలుగు పెళ్లిలో ఇలా పనికొచ్చే వస్తువులకు కొదవ లేదు.

తాంబూలాల నాడే మొదలు

నిశ్చయ తాంబూలాలకీ పెళ్లికీ మధ్య ఎన్ని రోజులుంటే మీ చేతిలో అంత పని ఉన్నట్టు. నెల దొరికితే అదృష్టమే. ఆషాఢం ముందు తాంబూలాలు పుచ్చుకుని శ్రావణంలో ముహూర్తం పెట్టుకునే ఇళ్లు చాలా ఉంటాయి. పెళ్లిళ్లు లేని ఆషాఢ మాసం చేతిపని చేసేవాళ్లకు మంచి రోజులే. మూఢం వచ్చిపడితే ఇంకా వెసులుబాటు!

నిశ్చితార్థానికి మాత్రం వ్యవధి ఉండదు. వారం ముందు కబురొస్తుంది. అందుకని చిన్న పని ఎంచుకోండి. ఆ రోజు పురోహితుడు లగ్నపత్రిక రాసి, నాలుగు మూలలా పసుపు పెట్టి, పదిమందిలో చదువుతాడు. ఇరువైపుల పెద్దలూ దాన్ని మార్చుకుంటారు. తర్వాత ఆ కాగితం ఏమవుతుందో గమనించారా? బీరువాలో చీరల కిందకో, ఎల్‌ఐసీ కాగితాల మధ్యకో వెళ్లిపోతుంది. వెండి పెళ్లిరోజు నాటికి ఎంత వెతికినా కనపడదు. దానికోసం ఒక గుడ్డ సంచి కుట్టివ్వండి. పెళ్లికూతురు ఆ రోజు కట్టుకునే చీరలోని జాకెట్టు ముక్క కుట్టగా మిగిలిన పీలిక అడిగి తీసుకుని, అంచుగా వేయండి. లోపల మెత్తటి తెల్ల నూలు బట్ట, పైన ఒక గుండీ. రెండు సాయంత్రాల పని. తెలంగాణ పెళ్లయితే ఒడిబియ్యం మూటగట్టే గుడ్డ మీద నాలుగు పూలు కుట్టినా అంతే చక్కగా ఉంటుంది.

రెండు వైపులా చూసే తెర

అసలైన పని అడ్డుతెర. వధూవరుల మధ్య పట్టుకునే తెర అది. సుముహూర్తం వేళ ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టాక దాన్ని తొలగిస్తారు. అంతదాకా ఫొటోగ్రాఫర్ కెమెరాతో సహా అందరి కళ్లూ దాని మీదే. చాలా ఇళ్లలో కొత్త పంచెనో, తువ్వాలునో పట్టుకుని పసుపుతో స్వస్తిక్ వేసేస్తారు. ఈ మధ్య షాపుల్లో రెడీమేడ్‌వీ దొరుకుతున్నాయి. స్నేహితురాలు కుట్టిస్తే వద్దనే తల్లి ఉండదు.

మీటరున్నర వెడల్పు, మీటరుకి కొంచెం పైగా ఎత్తు ఉన్న నూలు బట్టయినా, పల్చటి పట్టయినా సరిపోతుంది. పీటల మీద కూర్చున్న ఇద్దరికీ మధ్య నిలిస్తే చాలు. ఇద్దరు మనుషులు చాలాసేపు చేతులెత్తి పట్టుకోవాలి కాబట్టి అద్దాలూ, బరువైన పూసలూ పెట్టొద్దు. ఎర్రదారం రంగు దిగుతుందేమో ముందే చూసుకోండి. చిన్న ముక్క తడిపి తెల్లగుడ్డ మీద రుద్దితే తెలిసిపోతుంది. మధ్యలో ఏముండాలో, ఏ రంగు కూడదో వాళ్లింటి పెద్దవాళ్లనీ పురోహితుణ్నీ ఒక మాట అడగండి. పెళ్లికూతుర్ని ఆశ్చర్యపరచాలిగానీ వాళ్లమ్మని ఆశ్చర్యపరచకూడదు!

కుట్టేవాళ్లు మర్చిపోయే సంగతి ఒకటుంది. అడ్డుతెరకి రెండు వైపులుంటాయి. మనం ముందువైపు ముచ్చటగా గొలుసు కుట్టు కుడతాం. వెనక ముడులూ, దారప్పోగులూ. పీటల మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరికి ఆ ముడులే దర్శనం. అందుకని వెనక ఇంకో గుడ్డ వేసి కుట్టాలి. ఆ గుడ్డ మీద కూడా ఏదైనా కుట్టాలి.

మా స్నేహితురాలి పెళ్లికి మేం నలుగురం కలిసి చేసింది ఇదే. ఒకరు హైదరాబాదు, ఒకరు విజయవాడ, ఒకరు బెంగళూరు, ఒకరు డాలస్. గుడ్డని నాలుగు ముక్కలు చేసి తలా ఒకటి కుట్టాం. డాలస్ ముక్క, సంక్రాంతికి ఊరొస్తున్న వాళ్ల సూట్‌కేసులో వచ్చింది. నాలుగూ జతచేసి కుట్టాక చూస్తే ఒక్కోరి కుట్టు ఒక్కో తీరు. మావిడాకులు ఒక మూల బొద్దుగా, ఇంకో మూల బక్కగా! ఎవరు కుట్టిందేదో చెప్పకుండానే తెలిసిపోయింది. పెళ్లికూతురి వైపు గుడ్డ మీద, సరిగ్గా ఆమె కళ్ల ఎదురుగా వచ్చేలా, మేం అయిదుగురం కాలేజీకి వెళ్లిన సిటీ బస్సు నంబరు చిన్నగా కుట్టాం. ఇంకేం లేదు, మూడంకెలు.

ముహూర్తానికి ముందు తెర వెనక ఆ పది నిమిషాలూ ఎలా ఉంటాయో పెళ్లయినవాళ్లని అడగండి. మంత్రాలు, మేళం, పొగ, చుట్టూ జనం. అయినా ఆ పిల్ల ఒంటరిదే. చేతులు చల్లబడతాయి. అలాంటప్పుడు ఆమె తల ఎత్తి చూసింది. నంబరు కనపడింది. తల దించుకుని భుజాలు కదిలేలా నవ్వింది. పక్కనున్న పెద్దమ్మ ఏడుస్తోందేమో అనుకుని వీపు నిమిరింది. ఆ తెర తర్వాత బాబు బారసాలకి ఉయ్యాల గుడ్డయింది. ఇప్పుడు వాళ్లింటి బీరువాలో ఉంది.

గోటితో ఒలిచిన గుప్పెడు

సూదిలో దారం ఎక్కించడమే రాదంటారా? మీకూ పనుంది. డబ్బుతో అసలు పని లేదు కూడా.

భద్రాచలం సీతారాముల కళ్యాణానికి గోటి తలంబ్రాలు వెళ్తాయని వినే ఉంటారు. తూర్పు గోదావరి జిల్లా కోరుకొండ ప్రాంత భక్తులు ఇందుకోసమే వరి పండిస్తారు. ఆ వడ్లను రోట్లో దంచరు, మిల్లుకి పంపరు. గింజ తర్వాత గింజ గోటితో పొట్టు విప్పి ఒలుస్తారు. తలంబ్రాల బియ్యం విరగకూడదు. క్షతం కానివే అక్షతలు అన్న మాటని అక్షరాలా పాటించే పద్ధతి ఇది.

స్నేహితురాలి పెళ్లికి ఒక గుప్పెడు మీరూ ఒలవచ్చు. సన్నబియ్యం కిలోకి యాభై వేల గింజలకు పైనే తూగుతాయి. అంటే వంద గ్రాములకు అయిదు వేల పైమాట. నిమిషానికి పది గింజల లెక్కన చూసినా ఎనిమిది గంటలకు పైగా పడుతుంది. ఒక్కరే కూర్చుంటే విసుగు. అయిదుగురు కూర్చుంటే మాత్రం రెండు ఆదివారం మధ్యాహ్నాలు కబుర్లతో గడిచిపోతాయి. బహుశా పెళ్లికి ముందు అందరూ కలిసి కూర్చునేది ఆ రెండు మధ్యాహ్నాలే కావచ్చు.

వడ్లు బాగా ఆరినవి కావాలి. ఊళ్లో వ్యవసాయం చేసే చుట్టాల దగ్గర అడిగి తెచ్చుకోండి. విత్తనాల షాపులో కొనొద్దు, వాటికి తెగుళ్ల మందు పట్టించి ఉండొచ్చు. విరిగిన గింజ పక్కన పెట్టేయాలి. ఒలిచిన బియ్యం పొడిగా ఉన్న డబ్బాలో పోసి, రెండు రోజుల ముందు పెళ్లికూతురి తల్లికి అందించండి. పసుపు కలపడం ఆవిడ పని. మిగతా తలంబ్రాలతో కలిసిపోయాక మీ గుప్పెడు ఏదో ఎవరూ గుర్తుపట్టలేరు. అదీ బాగానే ఉంటుంది.

అమ్మ చేతిరాత

పెళ్లి ముందు నెల పెళ్లికూతురికి అన్నిటికీ తీరికుంటుంది... అమ్మ దగ్గర కూర్చోవడానికి తప్ప. జాకెట్లు, పార్లరు, ఫొటో షూట్లు, ఆఫీసులో సెలవు తంటాలు. అమ్మకూ అంతే. పదిహేను రోజులు పోయాక అమ్మాయి పుణెలోనో, న్యూజెర్సీలోనో వంటింట్లో నిలబడి 'అమ్మా, పచ్చిపులుసులో బెల్లం ముందా వెనకా?' అని వీడియో కాల్ చేస్తుంది. అమ్మ ఫోన్లో చెప్తుంది. ఆ మాట అక్కడితో పోతుంది.

ఆ నెలలో మీరు నాలుగైదుసార్లు వాళ్లింటికి ఎలాగూ వెళ్తారు. వెళ్లినప్పుడల్లా ఓ గంట ఆవిడ పక్కన కూర్చోండి. మంచి దళసరి కాగితాల నోటు పుస్తకం ఇచ్చి, ఆవిడ చేత్తోనే వంటలు రాయించండి. 'చింతపండు నిమ్మకాయంత, ఉప్పు చూసుకుని, పోపు ఎర్రబడేదాకా' అని రాస్తే అలాగే ఉండనివ్వండి. గ్రాముల్లోకి మార్చొద్దు. అక్షరదోషాలు దిద్దొద్దు. అమ్మమ్మ రాయలేకపోతే ఆవిడ చెప్తుంటే మీరు రాయండి, ఆవిడ మాట ఎలా ఉంటే అలా. పెన్ను మాత్రం చూసి కొనండి. రాసిన కాగితం మీద నాలుగు నీటి చుక్కలు వేసి, సిరా చెదరకపోతేనే వాడండి. ఈ పుస్తకం ఉండేది పొయ్యి పక్కన కదా!

పెళ్లికూతురికే ఎందుకు, పెళ్లికొడుక్కీ వంట రావాలిగా అంటారేమో. నిజమే. అవతలి పక్క స్నేహితులెవరైనా ఉంటే ఆయనమ్మ చేత కూడా ఒక పుస్తకం రాయించమని చెప్పండి. రెండు వంటిళ్లూ ఒక గూటికి చేరతాయి.

ఇంకా తీరికుంటే ఆమె పాత ఓణీలూ, నూలు చీరలూ అడిగి తీసుకుని బొంత కుట్టండి. పల్లెటూళ్లలో బొంతలు కుట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నేర్పమంటే నేర్పుతారు. బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, మూడు నాలుగు పొరలు పరిచి, ముందు పెద్ద పెద్ద కుట్లతో కదలకుండా చేసుకోవాలి. తర్వాత మధ్య నుంచి అంచులకి వరసలు కుట్టుకుంటూ రావాలి. ఇది నెల పని కాదు, రెండు మూడు నెలలు పడుతుంది. పెళ్లికి అందకపోతే మొదటి పండక్కి ఇవ్వండి.

మగపిల్లలకు ఒక గొడుగు

'ఇవన్నీ ఆడపిల్లల కబుర్లు' అని పేజీ తిప్పబోతున్న సోదరులారా, ఒక్క నిమిషం! మీ స్నేహితుడి పెళ్లిలో కాశీయాత్ర ఉందా? గొడుగు, చేతికర్ర పట్టుకుని 'నాకీ సంసారం వద్దు, కాశీకి పోతా' అని బయల్దేరతాడు. బావమరిది గడ్డం పట్టుకుని బతిమాలి వెనక్కి తెస్తాడు. ఆ గొడుగు ఎక్కణ్నుంచి వస్తుంది? ఆఖరి నిమిషంలో ఎవరో బజారుకి పరుగెత్తి తెచ్చిన నల్లగొడుగు.

ముందే ఒక లేతరంగు గుడ్డ గొడుగు కొనండి. అక్రిలిక్ రంగులతో దాని మీద ఒక్కో రేకులో ఒక్కో బొమ్మ వేయండి. మీరు క్రికెట్ ఆడిన ఖాళీ స్థలం, చాయ్ బండి, హాస్టల్ గది నంబరు, తన్నితే గాని స్టార్టవని మోటార్ సైకిలు. బొమ్మలు రాకపోయినా ఫర్వాలేదు, వంకర చాయ్ గ్లాసే ఎక్కువ నవ్వు తెప్పిస్తుంది. గొడుగు విప్పి ఉంచి వేయాలి, ఒక రోజంతా ఆరనివ్వాలి. కాశీకి పోయేవాడి నెత్తిన వదిలి వెళ్తున్న ఊరంతా ఉంటుంది.

ఇవి మాత్రం వద్దు

చేతిపని పేరుతో చాలామంది చేసేది స్క్రాప్‌బుక్. పాత ఫొటోలు, ముద్దుపేర్లు, క్లాసులో రాసుకున్న చీటీలు... చేస్తున్నంతసేపూ మనకు సరదా. పెళ్లయిన మూడో రోజు దాన్ని మొదట తెరిచేది ఆడపడుచో, అత్తగారి తోడికోడలో అని మర్చిపోతాం. 'ఈ అబ్బాయెవరు?' అన్న ప్రశ్నకి ఆ కొత్తింట్లో జవాబు చెప్పుకోవాల్సింది ఆమె. తప్పు చేసిందని కాదు. ఏ కబురు ఎప్పుడు ఎవరికి చెప్పాలన్నది ఆమె ఇష్టం. మీరు అతికించే ప్రతి ఫొటో ముందే ఆమెకు చూపించండి. ఆశ్చర్యం కాస్త తగ్గినా నష్టం లేదు. బస్సు నంబరు లాంటి గుర్తులో ఉన్న సుఖం ఇదే, అర్థం ఆమెకొక్కదానికే తెలుస్తుంది.

తేదీ కుట్టడం కూడా చివర్లో పెట్టుకోండి. ముహూర్తాలు మారతాయి. ఇంకోమాట, చేసిన కానుక గురించి పదేపదే చెప్పి ఆమె చేత పొగిడించుకోవద్దు. ఇంట్లో కనపడేలా పెట్టావా లేదా అని ఆరా తీయొద్దు. ఇచ్చాక అది ఆమెది.

చేయలేకపోతే చేయించండి

అసలు తీరిక లేనివాళ్లు చేతివృత్తుల వాళ్ల దగ్గర చేయించుకోవచ్చు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క రంగులు పట్టించి కుంకుమభరిణెలు చేస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో పెళ్లి మేళం, పల్లకీ బొమ్మలు చేస్తారు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులతో అడ్డుతెర వేయించుకోవచ్చు. పాలూ కరక్కాయా పట్టించిన గుడ్డ మీద, ఇనుప ముక్కలు బెల్లంనీళ్లలో నానబెట్టి తీసిన నలుపుతో కలం పట్టి గీస్తారు. ఉతకడం, ఎండబెట్టడం, మళ్లీ రంగు వేయడం చాలాసార్లు జరగాలి. కాబట్టి రెణ్ణెల్ల ముందే చెప్పుకోవాలి.

బేరం మాత్రం ఆడొద్దు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పరిసరాల్లో ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని అల్లే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ లేసు పనివాళ్ల మీద జర్మన్ సామాజికవేత్త మారియా మీస్ 1982లో ఒక పుస్తకమే తెచ్చారు. వాళ్లు రోజూ గంటల తరబడి చేసేది పనిగా కాక, గృహిణుల తీరిక వేళ కాలక్షేపంగా లెక్కలోకి వస్తోందని ఆమె చూపించారు. ఒక్క మావిడాకు కుట్టి చూసినవాళ్లకి ఆ లేసు ఖరీదు ఎందుకంతో తెలుస్తుంది.

మండపం ఊడ్చేలోపు

చివరగా ఒక బాధ్యత. జీలకర్ర బెల్లం పెట్టిన క్షణాన అందరూ అక్షతలు వేయడంలో ఉంటారు. అడ్డుతెర ఎవరి చేతుల్లోంచి ఎక్కడ పడిందో ఎవరికీ పట్టదు. తలంబ్రాలు అయిపోగానే ఫొటోలు, భోజనాలు. గంటలో మండపం ఊడ్చేస్తారు. అందుకని మీలో ఒకరు అదే పనిగా అక్కడ నిలబడండి. తెర తీసి మడతపెట్టండి. పీటల చుట్టూ పడిన తలంబ్రాలు నాలుగు చిటికెలు ఏరి, నీడలో ఆరబెట్టి, బిగుతు మూత సీసాలో పోయండి. తెరకు అంటిన పసుపు మరక ఉతికేయొద్దు, ఆ ముహూర్తం గుర్తుగా ఉండనివ్వండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మ పడుతుంది. పాత నూలు పంచెలో చుట్టి ఇవ్వండి. ఏడాదికోసారి మడత మార్చమని చెప్పండి, లేకపోతే మడత దగ్గర చిరుగుతుంది.

ఈ మాసంలో మీ స్నేహితురాలికి తాంబూలాలు ఉన్నాయా? ముహూర్తం ఎప్పుడో కనుక్కోండి. అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసి మీకు ఎన్ని ఆదివారాలు మిగిలాయో చూసుకోండి. నాలుగుంటే అడ్డుతెర, రెండుంటే గుప్పెడు వడ్లు, ఒక్కటే ఉంటే ఓ నోటు పుస్తకం కొని నేరుగా వాళ్లమ్మ దగ్గరికి వెళ్లండి. ముందు పచ్చిపులుసు రాయించండి.